రెడీమేడ్ మామయ్య

ఆ కోచింగ్ సెంటర్‌లో ఇంగ్లీష్ పరీక్షకు చదవడం, రాయడం నేర్పే మేడమ్‌కి పిల్లలు పెట్టుకున్న పేరు 'పది నిమిషాల మేడమ్'. పిల్లలంటే నిజంగా పిల్లలేం కాదు. పెళ్లిళ్లయి బిడ్డల్ని చంకనేసుకున్నవాళ్లు, చెవుల దగ్గర జుట్టు నెరిసినవాళ్లు, పొద్దంతా ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేసి సాయంత్రం ఇక్కడికొచ్చి వెనక బెంచీ కోసం కీచులాడుకునేవాళ్లు, అందరూ ఆ లెక్కలోకే వస్తారు. పరీక్ష రాయాల్సిన వాడెవడైనా పిల్లాడే.

ఆదివారం ఆదివారం అక్కడ నమూనా పరీక్ష పెడతారు. గడువు దగ్గరపడగానే మేడమ్ కుర్చీలోంచి లేచి, మెడ కాస్త ముందుకు చాచి, గొంతు సాగదీసి, "ఇంకా పది నిమిషాలే... కలం ఆగకూడదూ..." అంటుంది. ఆ కేక విన్నాక వచ్చిన ఇంగ్లీష్ కూడా మర్చిపోతామని పిల్లల ఏడుపు. గంట మోగిందో లేదో కాగితాలు లాగేసుకుంటుంది. రాసేవాడు సగం మాటలో ఉన్నా, ఆఖరి చుక్క ఒక్కటే బాకీ ఉన్నా ఆవిడకి అనవసరం. "ఒక్క లైను మేడమ్, ఒకే ఒక్క లైను" అని కాళ్లావేళ్లా పడితే ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "అసలు పరీక్షలో మీ అమ్మ ఉండదు నాయనా, జాలిపడ్డానికి."

ఆ పరీక్ష సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ముందు చదివే భాగం. మూరెడేసి పొడుగు పాఠాలిచ్చి ప్రశ్నలు వేస్తారు. తేనెటీగల గురించో, పాతకాలపు ఓడల గురించో ఉంటుంది. పాఠం చదివితే కొంప మునిగినట్టే, ముందు ప్రశ్నలు చదవాలి. తర్వాత రాసే భాగం. అందులో ఒక వ్యాసం సొంత బతుకులోంచి రాయాలి. మీ మీద ప్రభావం చూపిన మనిషెవరు, మీరు మరిచిపోలేని రోజేది, ఇలాంటి ప్రశ్నలు. ఇంగ్లీష్ మంచినీళ్లలా మాట్లాడేవాళ్లు సైతం ఇక్కడికొచ్చేసరికి నీళ్లు నములుతారు. నడివయసు గుమాస్తా ఒకాయన లేచి నిలబడి, "నా మీద ఎవరూ ఏ ప్రభావమూ చూపలేదు మేడమ్, నేను చాలా మామూలు మనిషిని" అని విన్నవించుకున్నాడు. ఒక పిల్ల వాళ్ల అమ్మ గురించి మొదలుపెట్టి, అమ్మ గుర్తొచ్చి, గడువంతా ముక్కు చీదుకుంటూ కూర్చుంది. కాగితం మీద ఒకే ఒక్క వాక్యం. దానికీ మార్కులు వేయలేని పరిస్థితి.

అప్పుడు మేడమ్ ఒక ఉపాయం చేసింది. ఎవరికి తొడిగినా సరిపోయే చొక్కాలాంటి మనిషినొకణ్ణి తయారుచేసి ఇచ్చింది. ఆయన బస్ డ్రైవర్. బస్సు కదిలించే ముందు పక్క అద్దంలో వెనక్కి చూస్తాడు, దూరంగా ఎవరైనా పరిగెత్తుకొస్తున్నారేమోనని. వస్తుంటే ఆగుతాడు. లోపల కూర్చున్నవాళ్లు తిడతారు. ఆయన వెనక్కి తిరగకుండా, "ఎవరో పరిగెత్తుకొస్తున్నారు, ఒక్క క్షణం" అంటాడు. ఇంతే కథ. ఓర్పు గురించి అడిగినా, మంచి పొరుగువాడి గురించి అడిగినా, ఆదర్శం గురించి అడిగినా ఈయన పనికొస్తాడు. మేనమామ అని రాసుకోమని చెప్పింది కాబట్టి పిల్లలు ఆయనకి రెడీమేడ్ మామయ్య అని పేరు పెట్టారు.

ఆ మామయ్య ఎవరో వాళ్లకి తెలియదు. ఆయన మేడమ్ మొగుడే. బస్సూ ఆయనదే, అద్దమూ ఆయనదే, తిట్లు తిన్నదీ ఆయనే. ఏ రోజూ డిపోకి టైముకి చేరిన పాపాన పోలేదు. ఆలస్యానికి కోతపెట్టిన జీతం తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, "నువ్వు క్షణం ఇవ్వవు, నేను క్షణం దాచుకోను. దేవుడు మనిద్దరికీ సరిగ్గానే ముడేశాడు పంతులమ్మా" అని నవ్వేవాడు. ఇంట్లో ఆయన పిలుపు అదే, పంతులమ్మా.

ఆవిడ ఇంటి దగ్గర పేపర్లు దిద్దుతుంటే వచ్చి పక్కన చతికిలపడేవాడు. ఇంగ్లీష్ చదవడం రాదు గానీ తన గురించి ఏం రాశారో తెలుసుకోవాలి. "ఇందులో నేను ఎవర్ని?"

"మేనమామ."

"ఇందులో?"

"పక్కింటి తాతగారు. చనిపోయారట కూడా."

"అప్పుడేనా! ఎంతమందికి మేనమామని చేశావే నన్ను. ఒక్కరింటికన్నా భోజనానికి పిలిచారా?"

ఒకసారి ఒక ఘనుడు గొప్పగా ఉంటుందని మామయ్యని విమానం నడిపేవాణ్ణి చేశాడు. మిగతాదంతా ఉన్నదున్నట్టు దించేశాడు. మామయ్య అద్దంలో చూశాడట, ఎవరో పరిగెత్తుకొస్తున్నారని విమానం ఆపాడట. అది చదివి వినిపిస్తే ఆయన నేల మీద దొర్లి దొర్లి నవ్వాడు. తర్వాత ఆవిడ ఎప్పుడు చిరాకుగా ఉన్నా దగ్గరికొచ్చి, "విమానం ఆపమంటావా?" అనేవాడు.

ఆయన పోయింది ఒక ఆదివారం మధ్యాహ్నం. గుండెలో నొప్పని ఆసుపత్రిలో చేర్చారు, గండం గడిచిందన్నారు, మర్నాడు మామూలు వార్డుకి మారుస్తామన్నారు. ఆ పొద్దున ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉంటే ఆయనే తరిమాడు. "ఇవాళ పరీక్ష కదా, వెళ్లు. నేనెక్కడికి పోతాను?" అన్నాడు. ఆవిడ వెళ్లింది. పరీక్ష గదిలో ఫోన్లు ఉండకూడదని నియమం పెట్టిందే ఆవిడ, తన ఫోను కూడా అందరి ఫోన్లతో పాటు సొరుగులో పెట్టింది. లేచి నిలబడి పది నిమిషాల కేక వేసింది. గంట మోగాక కాగితాలు లాక్కుంది, వరస సరిచూసుకుంది, దారంతో కట్టింది. అప్పుడు సొరుగు తీసింది. ఆసుపత్రి నుంచి ఎన్నోసార్లు ఫోన్ వచ్చి ఉంది.

అప్పట్నుంచీ ఆవిడ ఏడవలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప మొద్దుబారుతుందే, అలా ఉంది ఆవిడకి. చెంప ఉందని తెలుసు, తడుముకుంటే చేతికి తగులుతుంది, కానీ అది ఎవరిదో అన్నట్టుంటుంది. కొద్ది రోజులకే సెంటర్‌కి వెళ్లిపోయింది. వెళ్లిన మొదటి వారం దిద్దమని ఇచ్చిన పేపర్ల కట్టలో ఎప్పట్లాగే పేజీ పేజీకీ ఆయన ఉన్నాడు. ఒకడికి మేనమామ, ఒకతెకి బాబాయి, ఇంకొకడికి తాత. అందరిళ్లలోనూ నిక్షేపంలా బస్సు నడుపుతూ, అద్దంలోకి చూస్తూ ఉన్నాడు. ఆవిడ కామాలు పెట్టింది, తప్పులు చుట్టింది, 'ముగింపు ఇంకా బలంగా ఉండాలి' అని రాసింది. కట్ట అయిపోయింది. లేచి అన్నం తింది. తనకే కొంచెం ఆశ్చర్యం వేసింది, అదీ కాసేపే.

ఒకరోజు తనకు తానే పరీక్ష పెట్టుకుందామని ఆయన నడిపిన రూట్ బస్సే ఎక్కింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. కొత్త డ్రైవరు కుర్రాడు, అద్దం వైపు కూడా చూడకుండా ఈల వేసుకుంటూ లాగించేస్తున్నాడు. ఒక ముసలాయన చెయ్యెత్తి అరుస్తూ వెనకాల ఉండిపోయాడు. ఏమన్నా అనిపిస్తుందేమోనని చివరి స్టాపు దాకా చూసింది. ఏమీ అనిపించలేదు. దిగి, అవతలి పక్కకు నడిచి, అదే బస్సులో వెనక్కి వచ్చింది.

ఆడపడుచు అప్పుడప్పుడు వచ్చి రెండు రోజులుండి పోతుంది. మనసులో ఏదీ దాచుకోని మనిషి, వచ్చిన దగ్గర్నుంచీ కుళాయి విప్పినట్టు ఏడుస్తూనే వంట చేస్తుంది, ఏడుస్తూనే ఇల్లు ఊడుస్తుంది. "ఒక్కసారి ఏడువు వదినా. నీ మొహం చూస్తుంటే నాకు భయమేస్తోంది" అంటుంది.

"రావట్లేదమ్మా, ఏం చెయ్యను?"

"పోనీ ఇది చెప్పు. ఆఖర్న అన్నయ్య ఏమన్నా అన్నాడా? నీ కోసం అడిగాడా?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? ఆసుపత్రిలో ఎవరో ఒకరు పక్కన ఉండే ఉంటారు కదా. వెళ్లి అడగొచ్చు కదా?"

మేడమ్ లేచి పొయ్యి కట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. ఆ ఆసుపత్రి సెంటర్‌కి వెళ్లే దారిలోనే ఉంది. ఆ గేటు ముందు నుంచే వారానికి ఆరు రోజులు నడుస్తుంది. అడగలేదు. ఒకవేళ ఆయన తన కోసం అడిగి ఉంటే? ఆయన తలుపు వైపు చూస్తూ తన పేరు పిలుస్తున్న వేళకి తాను పరీక్ష గదిలో నిలబడి పది నిమిషాలు, పది నిమిషాలు అని అరుస్తూ ఉంటే? ఆవిడలో బతికున్న ముక్క ఏదైనా ఉందంటే ఆ ఒక్క ప్రశ్నే. మిగతాదంతా ఆ ప్రశ్న మీద కప్పిన దుప్పటి.

ఇలా ఉండగా సెంటర్ నడిపే డైరెక్టరు సారు ఒకరోజు ఆవిడని గదిలోకి పిలిచాడు. చెమట్లు పట్టే కాలం కాదు గానీ ఆయనకి పట్టాయి. పరీక్ష పెట్టే ఆఫీసు నుంచి తాఖీదు వచ్చిందట. బట్టీ పట్టిన వ్యాసాలు రాస్తే ఫలితం ఆపేస్తామని, ఇప్పటికే మన వాళ్లవి కొన్ని ఆపామని.

"వాళ్లు ఏమడిగారో తెలుసా మేడమ్? మీ ఊళ్లో బస్ డ్రైవర్ల మేనల్లుళ్లు ఇంతమంది ఎలా పుట్టుకొచ్చారని అడిగారు. తల కొట్టేసినట్టయింది నాకు. ఇక ఆ మామయ్యని తీసేయండి. ఎక్కడా కనపడకూడదు."

"సరేనండీ" అంది ఆవిడ.

"మీకేం అభ్యంతరం లేదు కదా?"

"నాకేముంటుందండీ."

అదే రోజు క్లాసులో చెప్పింది. రెడీమేడ్ మామయ్య ఇక లేడు, ఎవరి కాగితంలోనైనా బస్ డ్రైవర్ కనపడితే ఆ లైను దాటి చదవను, సున్నా వేస్తాను అంది. వెనక నుంచి ఎవడో, "అయ్యో పాపం, ఎలా పోయాడు మేడమ్?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. మేడమ్ బోర్డు తుడుచుకుని పాఠం మొదలుపెట్టింది.

ఆ బ్యాచ్‌లోనే ఒక నర్సు ఉండేది. ముప్పై దాటిన మనిషి, డ్యూటీ దిగి యూనిఫాం మీద చున్నీ కప్పుకుని అలాగే వచ్చేసేది. అందరికీ సిస్టరక్క. తలుపు పక్కన ఆఖరి బెంచీలో కూర్చునేది. బయటి దేశపు ఆసుపత్రిలో ఉద్యోగం సిద్ధంగా ఉంది, ఈ పరీక్ష ఒక్కటే అడ్డం. చదివే భాగంలో దిట్ట. రాసే భాగంలోనే నత్తనడక. ఒక్కో మాటా చీటీలో మందు పేరు రాసినంత జాగ్రత్తగా రాస్తుంది. ఆ జాగ్రత్త పుణ్యమా అని ప్రతి ఆదివారం మేడమ్ ఆవిడ చేతిలోంచి సగం వ్యాసమే లాక్కోవాల్సి వస్తుంది. క్లాసు అయ్యాక అప్పుడప్పుడు స్టాఫ్ గది గుమ్మం దాకా వచ్చి, ఏదో అడగబోయి, "ఏం లేదు మేడమ్" అని వెళ్లిపోయేది. అలాంటివాళ్లు బ్యాచ్‌కి ఒకరుంటారు, మేడమ్ పట్టించుకోలేదు.

ఆ ఆదివారం వ్యాసానికిచ్చిన ప్రశ్న, మీకు ఎవరైనా ఇచ్చిన సలహా గురించి రాయండి అని. మర్నాడు ఇంటి దగ్గర పేపర్లు దిద్దుతుంటే సిస్టరక్క కాగితం వచ్చింది. మొదటి వాక్యం ఇంగ్లీష్‌లో గుండ్రటి అక్షరాలతో ఉంది. నాకు సలహా ఇచ్చిన మనిషి ఒక బస్ డ్రైవరు. మేడమ్ చేతికి ఇక కళ్లతో పనిలేదు. ఎర్ర కలంతో ఆ మూల నుంచి ఈ మూలకి ఒక గీత, ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత. పక్కన సున్నా. కింద, 'బట్టీ. సొంతంగా రాయండి.' తర్వాతి పేపరు తీసింది.

పేపర్లు పంచిన రోజు క్లాసు ఖాళీ అయ్యాక సిస్టరక్క స్టాఫ్ గదికి వచ్చింది. స్టాఫ్ గది అంటే మెట్ల కింద ఇరుకు గదే. ఒక బల్ల, రెండు కుర్చీలు, జెరాక్స్ మిషను, దాని పక్కన తాగే నీళ్ల క్యాను. ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా లోపలికొచ్చి కాగితం బల్ల మీద పెట్టింది.

"మేడమ్, మీరు ఇది మొత్తం చదవలేదు."

"చదవనని ముందే చెప్పాను కదండీ. డ్రైవరు కనపడితే అంతే."

"ఇది బట్టీ కాదు మేడమ్."

"అందరూ అలాగే అంటారు. ఈ డ్రైవరుని తయారుచేసిందే నేను. నాకు తెలీదా?"

సిస్టరక్క కుర్చీ వెనక చేత్తో పట్టుకుని నిలబడింది. "ఈయన ఆ డ్రైవరు కాదు మేడమ్" అంది. మళ్లీ తనే, "అంటే... ఆయనే" అంది.

మేడమ్ కాగితం దగ్గరికి లాక్కుంది. ఎర్ర గీతల కింద నుంచి చదవడం మొదలుపెట్టింది. నేను గుండె జబ్బుల వార్డులో పనిచేస్తాను. ఆయన మా వార్డులో మూల మంచం పేషెంటు. నా జేబులో ఇంగ్లీష్ మాటల పుస్తకం చూసి, పరీక్ష రాస్తున్నావా అమ్మా అని అడిగారు. రెండుసార్లు తప్పానని చెప్పాను. అయితే మా ఆవిడ దగ్గరికి వెళ్లు, తిడుతుంది, పట్టించుకోకు, నేను ఇన్నేళ్ల నుంచీ పట్టించుకోలేదు, అన్నారు. అదే ఆయన నాకిచ్చిన సలహా. అది ఆదివారం మధ్యాహ్నం. ఆయన నన్ను టైమెంతయిందని అడిగారు. చెప్పాను. అప్పుడు ఆయన

అంతే. తర్వాత తెల్ల కాగితం. గంట మోగింది, మేడమ్ వచ్చింది, లాక్కుంది.

మేడమ్ కాగితం వెనక్కి తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. మళ్లీ ముందుకు తిప్పింది. నోరు ఎండిపోయింది. నీళ్ల క్యాను చేతికందే దూరంలోనే ఉంది గానీ ఆ సంగతి తోచలేదు.

"తర్వాత?" అంది.

ఆయన పోయాక ఆవిడ తనంతట తాను ఆయన గురించి ఎవరినైనా అడగడం అదే మొదలు.

"మొదటిరోజే చెబుదామని వచ్చాను మేడమ్. వచ్చేసరికి మీరు ఆయన్ని బోర్డు మీద రాయిస్తున్నారు. అద్దంలో చూస్తాడు అన్న చోట కామా పెట్టలేదని ఎవర్నో తిడుతున్నారు. నాకు నోరు పెగల్లేదు. ఈ వ్యాసంలో రాసి ఇద్దామనుకుంటే..."

"తర్వాత ఏమయిందో చెప్పమ్మా."

సిస్టరక్క కూర్చుంది. "టైము చెప్పాను కదా, 'అయితే ఇప్పుడు మా పంతులమ్మ చదివే పేపర్లు లాగేసుకుని రాసే పేపర్లు పంచుతూ ఉంటుంది' అన్నారు. పడుకోండి అంటే వినరు. అరగంటకోసారి టైము అడగడం, మీరు అక్కడ ఏం చేస్తున్నారో చెప్పడం. పక్క మంచం తాతయ్యకి కూడా అలవాటైపోయింది, 'ఇప్పుడేం చేస్తోందోయ్ మీ ఆవిడ' అని ఆయనే అడుగుతున్నాడు. చివరికి ఒకసారి, 'ఇదిగో, ఇప్పుడు లేస్తుంది చూడండి' అని మెడ ఇలా ముందుకు చాచి..."

సిస్టరక్క మెడ ముందుకు చాచింది. గొంతు సాగదీసింది. "ఇంకా పది నిమిషాలే... కలం ఆగకూడదూ..."

అది మేడమ్ గొంతే. ఉన్నదున్నట్టు దిగిపోయింది. ఆయన నోటినుంచి ఈవిడ నోటికి, ఈవిడ నోటినుంచి తన చెవికి వచ్చింది. మేడమ్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే వచ్చేసింది, పెద్దగా, జెరాక్స్ మిషను దగ్గరున్న కాగితాలు కదిలేంతగా. నవ్వుతూ నవ్వుతూనే అడిగింది.

"నా కోసం అడిగాడా?"

"లేదు మేడమ్."

"ఒక్కసారి కూడా?"

"నేనే అడిగాను, ఫోన్ చెయ్యమంటారా అని. 'ఇప్పుడు దాని ఫోను సొరుగులో ఉంటుంది, ఎందుకు, సాయంత్రం వస్తుందిగా' అన్నారు. అటు తిరిగి పడుకున్నారు. నేను అవతలి మంచం దగ్గరికెళ్లి వచ్చేసరికి నిద్రలోనే... ఆ తర్వాత చేసినవన్నీ ఆసుపత్రి ఫోన్లే మేడమ్. ఆయన చెయ్యమన్నవి కావు."

అడగలేదు. మేడమ్‌కి ముందు కోపం వచ్చింది. ఎంత ధీమా, ఒక్కసారైనా పిలవొద్దూ అని నిజంగానే కోపం. ఇన్నాళ్లూ తలుపు వైపు చూస్తూ పిలుస్తున్న మనిషిని ఊహించుకుని తాను రాయైపోతే, ఆయన అక్కడ వార్డంతా నవ్విస్తూ తనని వెక్కిరించాడన్నమాట. ఆ కోపం వెనకాలే గుండె మీద నుంచి ఏదో దిగిపోయింది, దిగిపోయిన చోట నొప్పి మొదలైంది. చెంపకిచ్చిన సూదిమందు వదిలేటప్పుడు ముందు తెలిసేది నొప్పే. ఆవిడ బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఆడపడుచు చూసి ఉంటే ఈర్ష్యపడేలా ఏడ్చింది. సిస్టరక్క ఊరుకోమనలేదు, ఆసుపత్రిలో పనిచేసే మనిషి కదా. లేచి గ్లాసులో నీళ్లు పట్టి పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేసింది.

ఏడుపు ఓ కొలిక్కి వచ్చాక మేడమ్ ముక్కు తుడుచుకుని కాగితం మళ్లీ ముందుకు లాక్కుంది. సున్నా కొట్టేసింది. పక్కన ఎన్ని మార్కులు వేయాలో తెలియక కలం అలాగే పట్టుకుంది.

"అమ్మా, ఒక మాట చెబుతాను. అసలు పరీక్షలో మాత్రం ఇది రాయకు."

"ఎందుకు మేడమ్? ఇది నిజం కదా?"

"నిజమే. కానీ బస్ డ్రైవరు అని చూడగానే వాళ్లూ నాలాగే కొట్టేస్తారు. ఇంతమందికి అరువిచ్చాను ఆయన్ని. ఇప్పుడు నిజంగా చూసినదానివి నువ్వు ఒక్కదానివి ఉంటే, నీకు పనికిరాకుండా చేశాను." మళ్లీ కళ్లు నిండాయి, ఈసారి తుడుచుకోలేదు. "ఇంకెవరి గురించైనా రాయి. నీకు లేరా ఎవరైనా?"

"పక్క మంచం తాతయ్య ఉన్నాడు మేడమ్. ఆయన బతికే ఉన్నాడు. ఇప్పటికీ చెకప్‌కి వచ్చినప్పుడల్లా, 'ఆవిడ గంట కొట్టిందా' అని అడుగుతాడు."

"అయితే ఆయన గురించి రాయి. తొందరగా రాయడం నేర్చుకో. నత్తవి నువ్వు."

"తిడతారని ఆయన ముందే చెప్పారు" అంది సిస్టరక్క.

తర్వాతి ఆదివారం మళ్లీ పరీక్ష. ఫోన్లన్నీ సొరుగులోకి వెళ్లాయి. చదివే పేపర్లు లాక్కుని రాసే పేపర్లు పంచుతూ ఉంటే మేడమ్‌కి తన చేతులు తనవేనని తెలుస్తోంది. ఎవరో మంచం మీద నుంచి చూసి, ఇదిగో ఇప్పుడు పంచుతోంది అని చెబుతున్నట్టే ఉంది. వేళయింది. లేచింది, మెడ చాచింది, గొంతు రాలేదు. పిల్లలు తలలెత్తి చూశారు. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. అంతలో ఆఖరి బెంచీ నుంచి, తల కూడా ఎత్తకుండా, రాసే చెయ్యి ఆపకుండా సిస్టరక్క అంది. "ఇంకా పది నిమిషాలే... కలం ఆగకూడదూ..."

క్లాసు పగలబడి నవ్వింది. మేడమ్ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వి కూర్చుంది.

గంట మోగింది. ముందు బెంచీలవాళ్లు అలవాటు కొద్దీ కాగితాలు చాచారు. మేడమ్ తీసుకోలేదు. వెనకాల కొన్ని తలలు ఇంకా వంగే ఉన్నాయి. గుమాస్తా చెమటలు కక్కుతూ చివరి పేరాలో ఉన్నాడు. సిస్టరక్క నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చీటీలో మందు పేరు రాసినట్టు, ఒక్కో అక్షరం దిద్దుతోంది. మేడమ్ చేతులు ఒళ్లో పెట్టుకుని వాళ్లనే చూస్తూ కూర్చుంది.

డైరెక్టరు సారు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. "ఏంటి మేడమ్, గంట కొట్టి ఎంతసేపైంది! ఇంకా ఎందుకు కూర్చోబెట్టారు?"

మేడమ్ వెనక్కి తిరగలేదు.

"ఎవరో పరిగెత్తుకొస్తున్నారు సార్. ఒక్క క్షణం."

సారు వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.